ఒకటైతే ఒకటి నొక్కండి

ఫోన్లో సన్నాయి లాంటిదేదో మోగుతూనే ఉంది, సన్నాయి కూడా కాదు, సన్నాయిని ఎవరో నీళ్ళలో ముంచి వాయిస్తున్నట్టు, నాలుగు ముక్కలు వాయించి ఆగి మళ్ళీ మొదటికొచ్చి అవే నాలుగు ముక్కలు, మధ్యలో ఒక ఆడగొంతు హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, మీ కాల్ మాకు ముఖ్యం, లైనులోనే ఉండండి అంటుంది. సుప్రజ లైనులోనే ఉంది. స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ను కీబోర్డు పక్కన పెట్టి, దుమ్ము పడకుండా కీబోర్డు మీద కప్పే గుడ్డను ఒళ్ళో మడిచి పెట్టుకుని, తెర వంక చూస్తూ కూర్చుంది. తెర మీద నీలం పెట్టె, పెట్టెలో తెల్ల అక్షరాలు, ఈ కంప్యూటర్‌లోని భాగాలు చాలా మారిపోయాయి, లోపలికి వెళ్ళాలంటే మళ్ళీ యాక్టివేట్ చేసుకోవాలి. నిన్న సాయంత్రం నుంచీ అదే మాట. ఆపి వేసినా అదే, ప్లగ్గు పీకి పెట్టినా అదే. కోపంగా చెప్పదు, మొగం మీద తలుపేసినట్టు కూడా ఉండదు, ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్న బంట్రోతు మాదిరి, పేపర్లోంచి తల ఎత్తకుండా, మీరెవరో చెప్పండి అంటున్నట్టుంటుంది. నేను ఎవరో నీకు తెలీదా, నాలుగేళ్ళుగా నీ ముందరే గదా కూచుంటాండా, అని సుప్రజ ఒకసారి మనసులో అంది. తర్వాత ఇది అడుగుతున్నది నన్ను కాదు గదా, తనెవరో తనకే తెలీక అడుగుతోంది అనిపించింది.

కిటికీ బయట విగ్రహాలు చెక్కే షెడ్డు. రేకుల కింద గ్రైండర్లు తిరుగుతున్నాయి, ఒకటి సన్నగా, ఒకటి లావుగా, వాటి మధ్య సుత్తి దెబ్బలు. ఆళ్లగడ్డలో ఈ వీధికి వచ్చినవాళ్ళెవరైనా మొదట చెవులు మూసుకుంటారు, నెల తిరిగేసరికి వినడం మానేస్తారు. సుప్రజ కూడా మానేసింది. గడివేముల దగ్గర వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నాలు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయంటే, పక్కింట్లో చేటలో బియ్యం తిప్పే చప్పుడు కూడా వినిపిస్తుంది. అక్కడ తెలుగు మీడియం బడిలో చదివి, నంద్యాలలో జెరాక్సు షాపులో దరఖాస్తులు టైపు చేసి, ఇక్కడికి చేరినప్పుడు ఆమెకు రాయి గురించి తెలిసింది ఏమీ లేదు. టైపు చేసేదానికి ఒక ఆడపిల్ల కావాలన్నారు, వచ్చింది. పవన్ అన్న పిలిపించాడు. ఈ షెడ్డు పెద్ద ఆదినారాయణ తాతకు తమ్ముడి కొడుకు అతను, ఆర్డర్లూ లెక్కలూ అన్నీ అతనే. ఈ పొద్దున ట్రాలీ ఆటోలో ద్వారపాలకుల రాళ్ళు వేసుకుని అహోబిలం పోతూ, ఒక కాలు బండిలో, ఒక కాలు నేల మీద ఉండగా అన్నాడు, "సుప్రజా, నేనొచ్చేలోపల అది లేచిందా సరే. ల్యాకుంటే నంద్యాలకు ఎత్తకపోయి ఫార్మాట్ కొట్టిచ్చుకోనొస్తా. దాని ముందర తపస్సు జేస్తా కూచుంటే పని యాడ అవుతాది?" కొత్త ప్రోగ్రాం ఏదో వేయిస్తాడట, కంప్యూటర్లు బాగుచేసే రాజశేఖర్ చెప్పాడట, అందులో అక్షరాలు వందరకాలు వస్తాయట. అవి సుప్రజ చూసింది. వందరకాలూ పెళ్ళిపత్రికల అక్షరాలే.

ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచెయ్యడమని తాతకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆయన షెడ్డు మధ్యలో గోనెపట్ట మీద కూర్చుని ఉన్నాడు, కిటికీలోంచి వీపు కనిపిస్తోంది, చొక్కా లేదు, భుజం మీద తెల్ల తువ్వాలు. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఎడమచేయి వేసి ఉంటాడు, పిచ్చుకను పట్టుకున్నట్టు. వదిలితే వణుకుతుంది. విగ్రహాల పని ఇప్పుడు ఆయన చెప్తే మిగిలినవాళ్ళు చేస్తారు, ముక్కు దగ్గర ఆపు, కిరీటం అంచు ఇంకా లోపలికి తీసుకో, అని నోటితోనే చెక్కిస్తాడు. అక్షరం మాత్రం నోటితో చెక్కించడం కుదరలేదు. ఈ చుట్టుపక్కల గుళ్ళలో, బళ్ళలో, నీళ్ళ ట్యాంకుల మీద, సమాధుల మీద శిలాఫలకం అంటే ఆయన చెయ్యే. ముందు గీత గీయడు, సున్నం నీళ్ళతో ఒక అడ్డగీత వేసి, అంతే, ఉలి పెట్టేవాడట. చెయ్యి వణకడం మొదలైనాక పవన్ అన్న ఈ చెక్కే మిషను కొన్నాడు, ఎవరో మూసేసిన దుకాణం నుంచి, పాత కంప్యూటరుతో సహా. మిషను మొదటి పలక చెక్కిన రోజు తాత వచ్చి చూసి, "ఇది రాతి మీద కాయితం అంటిచ్చినట్టుండాది," అని వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఈ గదివైపు రాలేదు. సుప్రజకు మిషను మీద కోపం రాలేదు, తాత మీదా రాలేదు, కానీ తాను టైపు చేసింది చూసి ఒక మనిషి అలా వెళ్ళిపోవడం మాత్రం గుచ్చుకుంది.

అందుకే ఆదివారాలు. ఎవరికీ చెప్పలేదు, ఊరికే బస్సెక్కేది, ఒక ఆదివారం శిరివెళ్ల, ఒక ఆదివారం సంజామల, రుద్రవరం దారిలో ఒక బడి గోడ. తాత చెక్కిన పలక దొరికితే దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దేది, అక్షరం కాగితంలోంచి పైకి తేలేది, నీళ్ళలోంచి చేప పైకొచ్చినట్టు. చూసినవాళ్ళు సర్వే చేసేదానికి వచ్చిందనుకునేవాళ్ళు, ఒకామె మా పింఛను ఎప్పుడిస్తారమ్మే అని కూడా అడిగింది. తాత 'క'కు పొట్ట కొంచెం కిందికి ఉంటుంది. తలకట్టు ఎత్తుగా లేచి, చివర్న ఉలి ఎక్కడ ఎత్తాడో అక్కడ చిన్న నొక్కు. 'ర' సున్నా లాగా గుండ్రంగా ఉండదు, కూర్చున్న మనిషి లాగా ఉంటుంది. ఒక్కో అక్షరాన్నీ ఈ కంప్యూటర్లో, ఈ పాత ప్రోగ్రాములో, చుక్క చుక్క కలిపి గీసింది, వంపు తిప్పింది, చెరిపింది, మళ్ళీ గీసింది. ఎండాకాలం పోయి ఎండాకాలం వచ్చేసరికి దాదాపు అన్నీ కుదిరాయి. మొదటి పలక చెక్కాక తాతకు చూపించింది. ఆయన తువ్వాలుతో పలక మీది పొడి తుడిచి, గోనెపట్ట దగ్గరికి వెళ్ళిపోయి, పవన్ అన్నతో, "ఈ పొద్దు మిషను తిన్నంగా పనిజేసిందే," అన్నాడట. అన్నట్టు పవన్ అన్నే చెప్పాడు, నవ్వుకుంటూ. ఆమెకు అది చాలు అనిపించింది, కొన్నాళ్ళపాటు.

ఆ అక్షరాలు ఇప్పుడు ఈ నీలం పెట్టె వెనక ఉన్నాయి.

సన్నాయి ఆగింది. సుప్రజ ముందుకు వంగింది. మీ కాల్ మాకు ముఖ్యం. మళ్ళీ సన్నాయి.

పోయింది కంప్యూటర్ లోపలి బోర్డే. గ్రైండర్ల లైను, గది లైను ఒకటే, కరెంటు ఎగిరి పడినప్పుడు లోపల చిటుక్కుమంది, కాలిన జీడిపప్పు లాంటి వాసన. నంద్యాలలో శ్రీనివాస సెంటర్ దాటి సందులో రాజశేఖర్ దుకాణం, మనిషి నిలబడేంత, గోడల నిండా పాత కంప్యూటర్లు ఈకలు పీకిన కోళ్ళ మాదిరి వేలాడుతుంటాయి. మూత తీసి చూసి నాలుక చప్పరించాడు. "ఈ రకం బోర్డు ఇప్పుడు యాడ దొరుకుతాదక్కా? మ్యూజియంలో పెట్టుకోండి," అన్నాడు. నీకంటే చిన్నదాన్ని అని సుప్రజ అనలేదు. మిషను కేబులు వెడల్పాటిది, పిన్నులది, అది పెట్టుకునే చోటున్న బోర్డే కావాలి, దాని కోసం అతను ఎవరెవరికో ఫోన్లు చేశాడు, మధ్యాహ్నానికి వేరే రకంది, కొంచెం తేడాది ఒకటి పాత సామాన్లలోంచి తెప్పించి బిగించాడు. డిస్కు పాతదే. పైపెట్టె పాతదే. తెర, కీబోర్డు, అంతా పాతదే. ఫైళ్ళు కాపీ చేసియ్యమంటే చేసిస్తానన్నాడు, "గానీ దాన్ని తెరిచే ప్రోగ్రాం యాడుండాది? సీడీ ఉందా? ల్యా. కంపెనీ ఉందా? అదీ ల్యా. ఉత్త ఫైళ్ళు ఎత్తకపోయి ఏం జేస్తావు, గోడకు పెట్టుకుంటావా?" మోటుగా అన్నా అబద్ధం ఏమీ అనలేదు. అక్షరాలు ఆ ప్రోగ్రాములో అల్లుకుపోయి ఉన్నాయి, పీకితే తీగె వస్తుంది, పూలు రావు.

బస్సులో సీపీయూ ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పైన పెడితే కుదుపులకు బోర్డు కదులుతుందని. మెట్ల దగ్గర సీటు, తలుపులోంచి గాలి, పక్కన కూర్చున్న ముసలామె కొంచెం సేపు చూసి, "టీవీనా పాపా?" అంది, కాదవ్వా కంప్యూటరు అంటే, "బాగైందా?" అంది, బాగైందవ్వా అంది సుప్రజ. ఆళ్లగడ్డ చేరేదాకా బాగైందనే అనుకుంది. పసుపు పచ్చగా ఎండిన జొన్న చేలు, దూరంగా నల్లమల ముదురు గీతలాగా, ఒళ్ళో ఇనుప పెట్టె వెచ్చగా, నిద్రపోయే పిల్లలాగా. షెడ్డుకొచ్చి తగిలించి బటన్ నొక్కితే లేచింది, గుర్రుమంది, తెర వెలిగింది, అప్పుడు ఈ నీలం పెట్టె. ఫోన్ చేస్తే రాజశేఖర్ చెప్పాడు, అది పాత సిస్టమ్ అక్కా, బోర్డు మారితే వేరే కంప్యూటర్ అనుకుంటాది, పెట్టె పక్కన స్టిక్కరుంటాది చూడు, దాని మీద కీ ఉంటాది, అది కొట్టు.

స్టిక్కరు ఉంది. కీ లేదు. ప్రతి దసరాకు ఆయుధపూజకు సుత్తులూ ఉలులూ గ్రైండర్లతో పాటు కంప్యూటర్‌కూ అనసూయవ్వ పసుపు పూసి బొట్టు పెడుతుంది. తాత భార్య ఆమె, ఈ షెడ్డులో ఎవరికైనా కంట్లో రాతిపొడి పడితే కొంగుతో తీసేది ఆమే. పెట్టెకు మొగం ఎక్కడుందో ఆమెకు తెలీలేదు. అంతా నలుపు, ఒక్కచోట మాత్రం తళతళలాడే తెల్ల కాగితం, అదే మొగం అనుకుంది, ప్రతి సంవత్సరం సరిగ్గా అక్కడే. ఆరిన పసుపును మరుసటి రోజు తడిగుడ్డతో తుడిచేది సుప్రజే. నాలుగు దసరాలకు కంపెనీ పేరు మిగిలింది, అక్షరాలూ అంకెలూ పసుపులో కలిసి వెళ్ళిపోయాయి. నిన్న సాయంత్రం సెల్ లైటు వేసి, భూతద్దం పెట్టి చూసింది. ఒక 'క్యూ' ఉన్నట్టుంది, అదీ కుంకుమ మరకేమో.

ఇక మిగిలింది ఆ సిస్టమ్ చేసిన కంపెనీకి ఫోన్ చేసే దారి. పొద్దున్నే చేసింది. తెలుగు లేదు, ఇంగ్లీషు నొక్కింది. తెర మీదున్న అంకెలు గుంపులు గుంపులుగా చెప్పమంది గొంతు, చెప్పింది, వన్ నైన్ జీరో, బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు నిలబడి చెప్పింది, ఎందుకో కూర్చుని చెప్పాలనిపించలేదు. అన్నీ విని, గొంతు చివర్లో అడిగింది, ఈ సాఫ్ట్‌వేర్ ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నారు? ఒకటైతే ఒకటి నొక్కండి, అంతకంటే ఎక్కువైతే రెండు నొక్కండి.

సుప్రజ రెండు నొక్కింది.

తప్పించుకుందామని కాదు, తొందరలోనూ కాదు. ఆలోచించే నొక్కింది. పోయినేడు ఒక అమ్మవారి విగ్రహం చివరికొచ్చాక, బుగ్గ దగ్గర రాతిలో సన్నని చార బయటపడింది, వెంట్రుకంత. చూసినవాళ్ళెవరూ గుర్తుపట్టరు, పాలిష్ పడితే కనిపించదు కూడా అన్నాడు పవన్ అన్న. తాత ఒప్పుకోలేదు. వేరే రాయి తెప్పించి, అదే కొలతలతో, అదే నగలతో, అదే మొగంతో మళ్ళీ చెక్కించాడు. తీసుకుపోయేదానికి వచ్చిన ఊరిపెద్ద, "ఫోటోలో చూపిచ్చిన అమ్మవారేనా సామీ ఇది?" అని అడిగితే, "రాయి వేరు. ఇది వేరే అమ్మవారు. ఆయమ్మ ఆడుండాది సూడు," అని వెనక గోడకు ఆనించిన పాతదాన్ని చూపించాడు. గోడవైపు మొగం పెట్టి నిలబెట్టి ఉంది, ఇప్పటికీ ఉంది, దాని భుజం మీద గ్రైండర్ పట్టే తిరుపతయ్య చొక్కా తగిలిస్తే తాత తిడతాడు. ఆ షెడ్డులో ఉన్న మనిషికి ఎన్ని అని అడిగితే రాళ్ళు లెక్కపెట్టడమే తెలుస్తుంది. పాత బోర్డు ఒకటి, కొత్త బోర్డు ఒకటి. రాజశేఖర్ కూడా చెప్పాడు గదా, వేరే కంప్యూటర్ అనుకుంటాదని. నిజమే చెప్పాలి గదా అని రెండు నొక్కింది. నొక్కగానే గొంతు మారలేదు, అంతే మర్యాదగా, ఈ కాపీని యాక్టివేట్ చేయడం వీలుకాదు, మా ప్రతినిధితో మాట్లాడండి అంది. అప్పటినుంచీ సన్నాయి. ఒకసారి తెగిపోయింది, మళ్ళీ చేసింది.

ఎండ కిటికీ చువ్వల మీదికి ఎక్కింది. అహోబిలంలో రాళ్ళు దింపేసి ఉంటారు. పవన్ అన్న అక్కడ టీ తాగడు, దర్శనానికి పోడు, దింపగానే బండి తిప్పుతాడు.

తాతను కూడా అడుగుతారు, మీరెవరు అని. రేషన్ మిషను. రాతిపని చేసినోళ్ళ వేళ్ళ మీద గీతలుండవు, అరిగిపోయి, నున్నగా, గులకరాళ్ళ మాదిరి ఉంటాయి. బియ్యం కోసం వేలు పెడితే ఎర్రలైటు. తుడిచి పెట్టు తాతా. ఎర్రలైటు. కొబ్బరినూనె పూసి పెట్టు. ఎర్రలైటు. సుప్రజ ఒకసారి తోడు వెళ్ళింది, వరసలో వెనకున్నవాళ్ళు, ఆదినారాయణ సామి గదప్పా, ఈ బజారంతా ఎరుగుదుము, ఇయ్యి బియ్యం, అంటే, డీలరు, నాకూ తెలుసు, మిషనుకు తెలియొద్దా అన్నాడు. చివరికి కన్ను చూపించమన్నారు. తాత వంగి ఆ చిన్న అద్దంలోకి చూశాడు, రెప్ప కొట్టకుండా, అన్నేళ్ళుగా రాళ్ళకు కళ్ళు తెరిచిన మనిషి. పచ్చలైటు వెలిగింది. దారిలో వస్తూ, "చేతులు నావి గావంట, కండ్లు నావేనంట," అన్నాడు. నవ్వాడో లేదో వెనక నడుస్తున్న ఆమెకు కనిపించలేదు.

"ఏమే పాపా, సచ్చినోళ్ళింటి కాడ కూచున్నట్టు కూచున్నావు?" అనసూయవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫోన్ వంక చూసింది. "ఎవురే అది, పెండ్లా?"

"కాదవ్వా, కంపెనీ. ఎత్తేదాకా అది మోగుతాది."

"ఇంకా తెలివికి రాల్యా ఇది?"

"లేచిందవ్వా. నువ్వు పాతదానివి గాదు, వేరేదానివి అంటాండారు. బోర్డు మార్చినాం గదా. ఎన్ని కంప్యూటర్లు అంటే పొద్దున రెండని చెప్పినా. అందుకే బిగుసుకోని కూచుండాది."

"రెండెట్లనే?" అవ్వ గది నాలుగు మూలలా చూసింది. "రెండోది యాడుండాది?"

"లోపల బోర్డు వేరేది గదవ్వా. తాత చెప్తాడు గదా, రాయి మారితే వేరే విగ్రహమని."

"నీ తాత చెప్పేది విగ్రహానికే. ప్రాణం రానిదానికి. దీనికి ప్రాణమొచ్చి ఎన్నేండ్లాయ? పనిజేస్తా ఉన్నిందా ల్యా?" అవ్వ మజ్జిగ గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చింది. "పోయినేడు మీ తాతకు పైపళ్ళు కిందిపళ్ళు పీకేసి కొత్తయి కట్టిచ్చినాం. అంతకుముందు కంట్లో పొర తీసేసి గాజుది పెట్టినారు. నాకు ఇద్దరు మొగుళ్ళైనారా ఏందే? తిట్టేది ఆ నోరే, తినేది ఆ సంగటే. మల్లడిగితే ఒకటే అని చెప్పు. తాగు ముందు."

సుప్రజ తాగింది. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది, అల్లం ముక్క పంటి కింద పడింది, అవ్వ చెంబు ఎత్తుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ అలవాటు కొద్దీ పెట్టె పక్కన తెల్లకాగితం మీద వేలితో దుమ్ము తుడిచింది. మారనివి ఏవి, డిస్కు మారలేదు. చేసిన పని, గీసిన వంపులు, ఆదివారాలు, అన్నీ అందులోనే ఉన్నాయి, బోర్డు వాటిని మోసేది. మోసేవాళ్ళు మారతారు. గుళ్ళో కూడా మూలవిరాట్టు బాగుచేయాల్సొస్తే కలశంలోకి దించుతారు, పని అయ్యేదాకా స్వామి ఆ నీళ్ళలో ఉంటాడు, తర్వాత మళ్ళీ ఎక్కిస్తారు, అప్పుడు ఎవరూ స్వాములు ఎంతమంది అని అడగరు. చార వచ్చిన అమ్మవారికి ప్రాణమే ఇంకా పోయలేదు, ఎత్తి మార్చేదానికి ఏమీ లేదు, అందుకే ఇద్దరయ్యారు. అవ్వకు ఇది ఎంత సులువుగా వచ్చింది, పళ్ళ సెట్టుతో.

సన్నాయి ఆగింది. ఈసారి నిజంగా ఆగింది. మగగొంతు ఒకటి ఉత్తరాది ఇంగ్లీషులో గబగబా ఏదో అని, ఏం సాయం కావాలి అంది.

సుప్రజ ఫోన్ ఎత్తి చెవికి ఆనించుకుంది. "సార్, యాక్టివేషన్ సార్," అంది. అతను ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే బయట లావు గ్రైండర్ రాతిలోకి దిగింది. ఇన్నాళ్ళుగా వినడం మానేసిన చప్పుడంతా ఒక్కసారి వచ్చి చెవిలో పడింది. మేడమ్, వినిపించడం లేదు, మేడమ్, చాలా శబ్దం, మళ్ళీ చేయండి. "వద్దు సార్, పెట్టేయొద్దు సార్!" అంటూ గుమ్మంలోకి పరిగెత్తింది. ఆపండన్నా అని అరిచింది. ఈ షెడ్డులో ఆమె అరవడం అదే మొదటిసారి, ఎవరికీ వినపడలేదు. తిరుపతయ్య అద్దాలు పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, తెల్లటి పొడిలో దేవుడు ప్రత్యక్షమైనట్టు నిలబడి కోస్తూనే ఉన్నాడు. తాత ఒక్కడే తల తిప్పి చూశాడు. ఆమె చేతిలో ఫోన్ చూశాడు, నోరు కదలడం చూశాడు. ఎడమచేతి కిందినుంచి కుడిచేతిని బయటికి తీసి, అరచేయి పైకెత్తాడు.

విగ్రహానికి కన్ను తెరిచేటప్పుడు ఎత్తుతాడు అలా. ఆ చివరి దెబ్బ పడేటప్పుడు షెడ్డులో ఇంకో సుత్తి మోగకూడదు, అది ఇక్కడి పద్ధతి. చెయ్యి గాలిలో వణుకుతూ ఉంది. ముందు దగ్గరి సుత్తి ఆగింది, తర్వాత అవతలిది, సన్న గ్రైండర్ సన్నగా ఏడ్చి ఆగింది, తిరుపతయ్య చేతిలోది అందరికంటే ఆఖర్న. నిశ్శబ్దంలో రేకుల మీద కాకి నడిచే చప్పుడు వినిపించింది.

"చెప్పండి సార్," అంది సుప్రజ.

అతను అడిగాడు. పొద్దున రెండు కంప్యూటర్లని నమోదైంది. ఇప్పుడు ఎన్ని?

"వన్ సార్. ఓన్లీ వన్. బోర్డ్ చేంజ్ సార్, సేమ్ కంప్యూటర్." ఎందుకు మార్చారు అన్నాడు. "బర్న్ అయింది సార్," అంది, తెలుగూ ఇంగ్లీషూ కలిసిపోయాయి. అవతల కీలు టకటకలాడాయి. తెర మీది అంకెలు చదవమన్నాడు. చదివింది. ఇప్పుడు నేను చెప్పేవి కొట్టండి అన్నాడు. ఫోన్‌ను మళ్ళీ బల్ల మీద పెట్టింది. స్పీకర్లోంచి అంకెలు ఒక్కొక్కటే వచ్చి షెడ్డులోకి వెళ్ళాయి, పనిముట్లు కింద పెట్టిన మనుషులు వింటూ నిలబడ్డారు. గుడ్డ దించి తిరుపతయ్య గుసగుసగా, "ఎవురికప్పా మంత్రం జెప్తాండారు?" అన్నాడు. "గమ్మునుండు," అంది అవ్వ. ఒక్కో గడీ నిండింది. చివరి గడి. ఓకే నొక్కండి మేడమ్.

నొక్కింది. నీలం పెట్టె అలాగే ఉంది, ఉంది, ఇంకా ఉంది, తర్వాత లేదు. దాని వెనక పాత పచ్చని తెర, మూలన చెక్కే ప్రోగ్రాం బొమ్మ, అంచున పసుపు రంగు దుమ్ము. థాంక్యూ సార్ అనేసరికి అతను వెళ్ళిపోయాడు. సుప్రజ ప్రోగ్రాం తెరిచింది. 'అ' ఉంది. 'క' ఉంది, పొట్ట కిందికి పెట్టుకుని. 'ర' కూర్చునే ఉంది.

బయటికి తల ఊపింది. గ్రైండర్లు మళ్ళీ మొదలయ్యాయి.

పవన్ అన్న వచ్చేసరికి మిషను మీద పలక సగం అయింది, అహోబిలంలో ఒక సత్రం గది కట్టించిన దాత పేరు, ఝాన్సీరాణమ్మ. అతను గుమ్మంలో నిలబడి, "ఏం మాయ జేసినావు?" అని, జవాబు వినకుండానే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ పోయాడు. పలక దించాక తాత వచ్చాడు. ఆ గదిలోకి రావడం చాలా నాళ్ళ తర్వాత. కళ్ళతో చదవలేదు, నేల మీద కూర్చుని పలకను ఒళ్ళోకి లాక్కుని, గీతల్లేని వేళ్ళను అక్షరాల గాడుల్లో పెట్టి ఒక్కొక్కటే నడిపించుకుంటూ వచ్చాడు. వేలు వణుకుతున్నా గాడిలో పడ్డాక కుదురుగా ఉంది. మొదటి అక్షరం దగ్గరికి వెనక్కి వచ్చి ఆగాడు.

"ఇది నాది గాదే."

"నువ్వు చెక్కిన పలకల్లో యాడా దొరకలేదు తాతా 'ఝ'. అన్నీ ఎతికినా. అది నేను రాసింది."

తాత మళ్ళీ దాని మీద వేలు నడిపాడు. పైనుంచి కిందికి, లోపలికి తిరిగి, బయటికి. గాడిలోంచి చిటికెడు పొడి తీసి ఊదాడు.

"తోక జాస్తయింది," అన్నాడు. "రాయి మీద అంత లాగితే ముక్క లేస్తాది. కొంచెం తగ్గించి, ఆడ లోపలికి తిప్పు. ఉలి ఎత్తినట్టుండాల."

ఇంతవరకూ ఆయన ఆమెకు ఏదీ నేర్పలేదు. చెప్పాల్సింది పవన్ అన్నకు చెప్పేవాడు. సుప్రజ సరే తాతా అని లేచి, బల్ల దగ్గర కూర్చుని, గుడ్డ పక్కకు తీసి, ఝ తెరిచింది. తోక చివరి చుక్కను పట్టుకుని వెనక్కి జరిపింది, లోపలికి తిప్పింది, ఉలి ఎక్కడ ఎత్తుతాడో అక్కడ చిన్న నొక్కు నొక్కింది. మూయబోతే తెర మీద మళ్ళీ ఒక పెట్టె వచ్చింది, బూడిదరంగుది, చిన్నది. మార్పులు చేశారు, ఉంచుకోవాలా అని అడిగింది.

ఉంచుకుంది.